మూడో మోటారు సాక్ష్యం

పోయిన బుధవారం ఒంగోలు కాలేజీలో నా బల్ల మీద ఒక సిఫారసు ఉత్తరం ఉంది. ఎలక్ట్రికల్ చివరి సంవత్సరం చదువుతున్న ఒక అబ్బాయి, పరిశోధన డిగ్రీకి దరఖాస్తు చేస్తూ నన్ను సిఫారసు అడిగాడు. అడగడమే కాదు, ఉత్తరం కూడా తనే టైపు చేసి తెచ్చాడు. నేను సంతకం పెడితే చాలు. మా కాలేజీల్లో దీన్ని ఎవరూ తప్పనుకోరు. సార్లకు తీరిక ఉండదు, పిల్లలకు మంచి ఇంగ్లీషు ఇంటర్నెట్లో దొరుకుతుంది. ఆ అబ్బాయి గురించి నేను రాసినట్టుగా ఆ అబ్బాయే రాసుకున్న మాటలు చదివాను. ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, అంత గొప్ప విద్యార్థి నాకు ఇంతవరకు తారసపడలేదు. అయినా పెన్ను మూత తీశాను. అంతకుముందు ఏడాది ఇలాంటివి నాలుగింటికి సంతకం పెట్టాను.

అప్పుడే తర్లుపాడు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, మీ ల్యాబు మామ పోయినాడంట. ఈపొద్దు తెల్లారి. సాయంత్రం నమాజు అయినాక తీసకపోతారంట."

పెన్ను మూత పెట్టేసి బస్టాండుకు వెళ్ళాను. ఒంగోలు నుంచి మార్కాపురం దాదాపు మూడు గంటల దారి. ఆ మూడు గంటలూ ఆయన చేతులే కళ్ళ ముందు కదిలాయి.

ఆయనకు పేరు ఉండేది. కాలేజీ హాజరు పట్టీలో రాసి ఉండేది. అక్కడ తప్ప ఇంకెక్కడా అది వినిపించలేదు. మార్కాపురం దగ్గర మేము చదివిన ఇంజనీరింగు కాలేజీలో, ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబులో ఆయన టెక్నీషియను. పిల్లలకు మామ, సార్లకు మామ, ప్రిన్సిపాలు గారికి కూడా మామే. కాలేజీకి రాకముందు ఊళ్ళో కాలిన మోటార్లకు మళ్ళీ రాగితీగ చుట్టే దుకాణం నడిపేవాడు. బోరు మోటారు కాలిపోతే రైతులు దాన్ని ఆటోలో వేసుకుని ఆయన దగ్గరికి తెచ్చేవాళ్ళు. ఆయన ముందు వాసన చూసేవాడు. తర్వాతే స్క్రూడ్రైవరు తీసేవాడు.

ఏ మోటారునైనా మొదటిసారి తాకేటప్పుడు అరచెయ్యి కాదు, చేతి వెనకపక్క ఆనించేవాడు. మొదటి రోజే మాకు అది నేర్పాడు.

"అరచెయ్యి పెడితే కరెంటు నిన్ను పట్టుకుంటది పాపా. వెనకపక్క పెడితే తోసేస్తది. తోసేసినా మేలే. పట్టుకుంటేనే కష్టం."

బేరింగు ఎలా ఉందో తెలుసుకోవడానికి పొడుగు స్క్రూడ్రైవరు మొన మోటారు మీద పెట్టి, పిడిని చెవికి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. డాక్టరు రొమ్ముకు గొట్టం పెట్టినట్టు ఉండేది. ఎవరైనా అప్పుడు మాట్లాడితే ఎడమ చెయ్యి ఎత్తేవాడు. ల్యాబంతా నిశ్శబ్దమయ్యేది.

ల్యాబు గోడకు మేకు కొట్టి ఒక రాతిపలక తగిలించాడు. మా మార్కాపురం పలకే. మా నాయన పనిచేసిన పలకల ఫ్యాక్టరీలోంచి వచ్చిందో, పక్క ఫ్యాక్టరీలోంచి వచ్చిందో తెలియదు. రోజూ పొద్దున పది గంటలకు మీటరు చూసి, ఆ రోజు కరెంటు ఎన్ని వోల్టులు వస్తోందో బలపంతో దాని మీద రాసేవాడు. మా పాఠ్యపుస్తకంలో నాలుగు వందల పదిహేను అని ఉండేది. పలక మీద ఎండాకాలంలో మూడు వందల డెబ్బై ఉండేది, ఒక్కోరోజు అంతకంటే తక్కువ. మేము పుస్తకం చూపించి అడిగితే ఆయన నవ్వేవాడు.

"పుస్తకం రాసినాయన మార్కాపురం రాలేదు పాపా. వచ్చుంటే ఆయన గూడా డెబ్బై అనే రాసేటోడు."

ఇంగ్లీషు చదవలేడు. తెలుగు బాగా చదివేవాడు, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడు. అంకెలు మాత్రం ఏ భాష పుస్తకంలో ఉన్నా ఆయన కళ్ళ నుంచి తప్పించుకునేవి కావు. శుక్రవారం పన్నెండున్నర అయిందంటే మోటార్లన్నీ ఆపేసి, చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, తెల్ల టోపీ పెట్టుకుని మసీదుకు వెళ్ళేవాడు. తిరిగొచ్చేదాకా స్విచ్చి ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు, సార్లకు కూడా.

నాకు స్విచ్చి అంటేనే భయం. మొదటిసారి మెయిన్ వెయ్యమన్నప్పుడు కళ్ళు మూసుకుని పెదాలు కదిలించాను. ఆయన చూశాడు.

"ఏంది గొణుగుతున్నావు పాపా?"

"ప్రార్థన మామా. భయమైతాంది."

"చేసుకో, చేసుకో. నువ్వు నీది చేసుకో, నేను బిస్మిల్లా అంటా. ఇది శానా పాత స్విచ్చి. ఒకరి ప్రార్థన చాలదు."

ఆ రోజు నుంచి మేమిద్దరం అలాగే స్విచ్చి వేశాం. నేను యేసు నామంలో అనేదాన్ని. ఆయన తనది అనేవాడు. మోటారు తిరిగేది.

నేను మా తర్లుపాడు సంఘంలో పదిహేనేళ్ళప్పటి నుంచి ఆదివారపు బడి చెప్పేదాన్ని. నాయన సంఘ పెద్ద. వాక్యం నోటికి వచ్చేది. ఆ గర్వం కొంచెం ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఇంత వాక్యం తెలిసినదాన్ని మూడో సంవత్సరంలో ఒక పని చేశాను. ల్యాబు రికార్డు అనేది మా కాలేజీలో వారసత్వపు ఆస్తి. సీనియర్లు చేసిన ప్రయోగాల అంకెలు జూనియర్లకు వచ్చేవి, వాళ్ళకు వాళ్ళ సీనియర్ల నుంచి వచ్చినవి. గుంపులో ఇద్దరు మోటారు దగ్గర నిలబడితే మిగతా నలుగురు ఆ పాత అంకెలు ఎక్కించుకునేవాళ్ళు. ఆ రోజు బస్సు ఆలస్యమైంది. మధ్యాహ్నమే రికార్డు ఇవ్వాలి. నేనూ ఎక్కించుకున్నాను. మూడో నంబరు డీసీ మోటారుకు పది రీడింగులు, చక్కటి గ్రాఫు గీత. సారు సంతకం పెట్టేశాడు.

సాయంత్రం మామ రికార్డులు దొంతర పెడుతూ నాది తెరిచాడు.

"ఇది ఏ మోటారు పాపా?"

"మూడోది మామా."

"ఎప్పుడు నడిపినావు?"

"పొద్దున."

ఆయన రికార్డు మూసేశాడు. నన్ను మూడో మోటారు దగ్గరికి తీసుకుపోయి దాని చివరనున్న మూత విప్పాడు. తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు బ్రష్షులు ఉండాల్సిన చోట రెండు ఖాళీ గూళ్ళు ఉన్నాయి. చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. అరిగిపోయిన బ్రష్షులు.

"రెండు దినాల నుంచి ఇవి నా జేబులో ఉండాయి. గుంటూరు నుంచి కొత్తవి రావాల. మోటారు ఎట్ల తిరిగింది పాపా? ప్రార్థన చేస్తే తిరిగిందా?"

నేను ఆ ఖాళీ గూళ్ళ వైపే చూస్తున్నాను.

"అట్ల తిరిగేటట్టయితే చెప్పు, నేను రేపే మీ సంఘంలో చేరతా. బ్రష్షుల బాధ ఉండదు."

పక్కన ఉన్న నా స్నేహితురాలు కిసుక్కున నవ్వింది. ఆయన నవ్వలేదు. పొట్లం మళ్ళీ జేబులో పెట్టుకుని, తలుపు దగ్గర ఆగి అన్నాడు. "ఆదివారం పిల్లకాయలకు కథలు చెప్తావంట గదా. ఈ ఆదివారం ఏం చెప్తావు?"

ఆ ఆదివారం పాఠం పది ఆజ్ఞలు. తొమ్మిదోది అబద్ధ సాక్ష్యం గురించి. చెప్పలేకపోయాను. గంటసేపూ పిల్లలతో పాటలే పాడించాను. వాళ్ళు చాలా సంతోషించారు.

మరుసటి వారం కొత్త బ్రష్షులు రాగానే, సాయంత్రం నాలుగు తర్వాత ఒక్కదాన్నే ల్యాబుకు వెళ్ళాను. మామ అడగలేదు. మోటారుకు బరువు పెట్టే బెల్టు బిగించి పక్కన కూర్చున్నాడు. ఊళ్ళో కరెంటు దిగుతూ ఎక్కుతూ ఉంటే నా గీత వంకరగా వచ్చింది. మళ్ళీ చేశాను. మళ్ళీ వంకరే.

"వంకరగా వస్తాంది మామా."

"మనూరి కరెంటు వంకర. గీత నిటారుగా ఎందుకొస్తది?"

ఆ వంకర గీతనే రికార్డులో అంటించి సారుకు చెప్పాను, పాతది ఎక్కించుకున్నాను అని. సారు చికాకుపడి రెండు మార్కులు తీసేశాడు. మరునాడు పొద్దున ల్యాబుకు వెళ్తే పలక మీద వోల్టుల అంకె కింద ఇంకో వరుస ఉంది. "మూడో మోటారు నిన్న నిజంగా తిరిగింది."

చివరి సంవత్సరం ప్రాజెక్టు వచ్చింది. మా వాళ్ళు చాలామంది హైదరాబాదులో తయారుగా దొరికే ప్రాజెక్టులు తెచ్చుకున్నారు. నేను మామ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఇంటి అటక మీద నుంచి పాత నోటుపుస్తకాలు దించాడు. దుకాణం నడిపిన రోజుల్లో ఆయన ప్రతి కాలిన మోటారు గురించి రాసుకున్నాడు. ఏ ఊరు, ఏ నెల, లోపలి మూడు వైండింగుల్లో, అంటే తీగచుట్టల్లో, ఎన్ని కాలాయి. ఎవరు చెప్పారు రాసుకోమని అంటే, "ఎవురూ చెప్పలే. మర్చిపోతానని" అన్నాడు.

"చూడు పాపా, రెండు కాలి ఒకటి బాగుంటే, మూడు ఫేజుల్లో ఒకటి పోయినట్టు. మూడూ కాలితే వోల్టేజీ తక్కువ, లేకుంటే బేరింగు పట్టేసింది. పీనుగు చూస్తే ఎట్ల చచ్చిందో తెలియదా?"

గిద్దలూరు వైపు ఊళ్ళు, దోర్నాల అడవి అంచు ఊళ్ళు, మా తర్లుపాడు మెట్టపొలాలు అన్నీ ఆ పుస్తకాల్లో ఉన్నాయి. ఏ ఊళ్ళో ఏ నెలలో మోటార్లు ఎందుకు కాలుతున్నాయో వాటిలోంచి తీసి, ఫేజు పోగానే మోటారును ఆపే చిన్న పరికరం ఒకటి చేశాం. నాకు చదువు మీద నిజమైన ఆకలి అప్పుడు పుట్టింది. ఇంకా పైకి చదవాలి, ఇదే చదవాలి అనిపించింది.

గేట్ పరీక్షలో వచ్చిన స్కోరు గొప్పది కాదు, మరీ తీసేసేదీ కాదు. మూడు పెద్ద సంస్థలకు దరఖాస్తు చేశాను. రెండు చోట్ల ఇంటర్వ్యూకు పిలవలేమని చెప్పేశారు. మిగిలింది ఒక్కటి. దానికి మూడు సిఫారసు ఉత్తరాలు కావాలి, దరఖాస్తుదారు పనిని దగ్గరగా చూసినవాళ్ళవి. అది కూడా పోతే గిద్దలూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు పని సిద్ధంగా ఉంది. నాయన అప్పటికే వాళ్ళతో మాట్లాడి వచ్చాడు. "ప్రభువు ఏ తలుపు తెరిస్తే ఆ తలుపులో పోదాంలే అమ్మా" అనేవాడు. నేను మాత్రం ఆ ఒక్క తలుపే తెరవమని మోకాళ్ళ మీద ఉండేదాన్ని.

హెచ్.ఓ.డి. సారు అందరికీ చెప్పేదే నాకూ చెప్పాడు. "నువ్వే రాసుకొని రామ్మా, పెట్టేస్తా." రాసుకున్నాను. ఇంటర్నెట్లో దొరికిన మాటలు దగ్గర పెట్టుకుని, నా గురించి నేనే, సారు గొంతుతో. తీసుకువెళ్ళే ముందు మామకు చూపించాను.

"తెలుగులో చదివి చెప్పు."

చదివాను. అసాధారణ ప్రతిభ, అపారమైన నాయకత్వ లక్షణాలు, తన ఉద్యోగ జీవితంలో సారు చూసిన అత్యుత్తమ విద్యార్థిని. ఆయన ఒక బోల్టుకు గ్రీజు రాస్తూ అంతా విన్నాడు.

"ఎవరీ పిల్ల?"

"నేనే మామా."

"నువ్వా? కాదు లే. నాకు తెలిసిన పిల్లయితే స్విచ్చి వెయ్యాలంటే కండ్లు మూసుకుంటది."

మా సంఘంలో సాక్ష్యం చెప్పే పద్ధతి ఒకటుంది. ఆదివారం ఆరాధనలో ఎవరైనా లేచి నిలబడతారు. నేను ఇలాంటి స్థితిలో ఉండేదాన్ని అని ముందు చెబుతారు. ప్రభువు నన్ను ఇలా లేవనెత్తాడు అని తర్వాత చెబుతారు. మొదటి సగం దాచుకుని రెండో సగం మాత్రమే చెప్పేవాళ్ళను నాయన మెల్లగా కూర్చోబెట్టేవాడు. అది సాక్ష్యం కాదు, డప్పు అనేవాడు. అలాంటి నాయన కూతుర్ని నేను. ఆ కాగితం చించేశాను. సారును మీరే రాయండి అని వేడుకున్నాను. ఆయన విసుక్కుంటూ నాలుగు లైన్లు రాశాడు, నాలుగూ నిజాలే. ప్రాజెక్టు సారు ఒక పేజీ రాశాడు. మూడో ఉత్తరానికి మనిషి లేడు. మాకు పాఠాలు చెప్పిన మిగతా సార్లు ఏడాదికొకరు చొప్పున వేరే కాలేజీలకు వెళ్ళిపోయారు.

మామను అడిగాను.

"నేనా? నేను పదో తరగతి తప్పినోణ్ణి పాపా. వాళ్ళు నవ్వుతారు."

"నేర్పినోళ్ళే రాయాలంట మామా. నాకు నేర్పింది నువ్వే గదా."

రెండు రోజులు బదులు చెప్పలేదు. శనివారం పొద్దున, శుక్రవారం మాత్రమే వేసుకునే తెల్ల బట్టల్లో బస్టాండు దగ్గరి నెట్ సెంటరుకు వచ్చాడు. నెట్ సెంటరు నడిపే శెట్టన్న ఆశ్చర్యపోయి, "ఏంది మామా, పెళ్ళా?" అన్నాడు. "సాక్ష్యం చెప్పే పని. గ్రీజు బట్టల్తో చెప్తానా?" అన్నాడు మామ. శెట్టన్న ఆయనకు ఒక ఈమెయిలు తెరిచాడు. సంస్థ వాళ్ళు పంపిన లింకు వచ్చింది. మామ తెలుగులో చెబుతాడు, శెట్టన్న ఇంగ్లీషులో కొడతాడు. నేను కుర్చీ లాక్కున్నాను.

"నువ్వు బయటికి పోయి నిలబడు పాపా."

"నేనుంటే ఏమైతది?"

"నీ ముందర నీ సంగతి చెప్తే అది పొగడ్త అయితది. పో."

బయట గంటపైన నిలబడ్డాను. శ్రీశైలం బస్సులు యాత్రికులతో వస్తూ పోతూ ఉన్నాయి. లోపల ఒకసారి గొంతులు లేచాయి. శెట్టన్న బయటికొచ్చి కుండలో నీళ్ళు తాగి, నా వైపు అదోలా చూసి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. చివరికి మామ వచ్చాడు. "అయింది" అన్నాడు. ఏం రాశావని నేను అడగలేదు. మామ నా గురించి చెడ్డగా రాయడని నమ్మకం.

ఇంటర్వ్యూకు పిలిచారు. బల్లకు అవతల ఐదుగురు ప్రొఫెసర్లు. మధ్యలో ఉన్న పెద్దాయన కాగితాలు తిరగేసి, కళ్ళజోడు పైనుంచి చూసి అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"బ్రష్షులు లేని మోటారుకు మీరు పది రీడింగులు రాశారట. నిజమేనా?"

మామ చెప్పేశాడు. నా ఒక్క తలుపు ముందు నిలబడి, నా దొంగతనం చెప్పేశాడు. కాదనవచ్చు. పొరపాటు అనవచ్చు, నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ క్షణంలో నాయన సంఘంలో ఎవరినో మెల్లగా కూర్చోబెడుతున్నట్టు కనిపించింది. నా సాక్ష్యంలో నేను దాచుకున్న మొదటి సగాన్ని, వేరే మతం వాడైన ఒక మనిషి, నన్ను ప్రేమించే మనిషి, నా బదులు చెప్పాడు. ఇప్పుడు రెండో సగం చెప్పడమా, కూర్చోవడమా?

"నిజమేనండి" అన్నాను.

"తర్వాత ఏం చేశారు?"

చెప్పాను. వంకర గీత బోర్డు మీద గీయమన్నారు. గీశాను. ఎందుకు వంకర అన్నారు. మా ఊరి కరెంటు సంగతి చెప్పాను. ఒకాయన, రెండు వైండింగులు కాలి ఒకటి బాగుంటే ఏమిటి అర్థం అన్నాడు. నేను మామ మాటే ఇంగ్లీషులో అప్పజెప్పాను. పది నిమిషాలన్నారు, నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. బయటికొచ్చాక నాకు ఆ మొదటి ప్రశ్న ఒక్కటే మిగిలింది. తిరుగు రైల్లో గిద్దలూరు బడి, నల్లబల్ల, లెక్కలు కనిపించాయి.

మరునాడే ల్యాబుకు వెళ్ళాను.

"మామా, ఆ సంగతి ఎందుకు చెప్పినావు? నా సీటు పోయింది."

ఆయన నట్టు బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు. "అడిగినారా?"

"అదే మొదట అడిగినారు."

"నువ్వేం చెప్పినావు?"

"నిజమేనని చెప్పినా."

"ఇంగేంది మరి?" నట్టు వదిలి నా వైపు తిరిగాడు. "కాలిన మోటారుకు పైన రంగేసి కొత్తదని అమ్మేటోళ్ళు ఉండారు పాపా. నేనెప్పుడూ అమ్మలే. ఇది ఒకసారి కాలింది, నేను మళ్ళీ చుట్టినా, ఇప్పుడు నీళ్ళెత్తుతది అని చెప్పి ఇచ్చినా. కొనేటోడు కొంటాడు. పోయేటోడు పోతాడు."

"నేను మోటారును కాదు" అని ఏడుస్తూ వచ్చేశాను. మూడు వారాలు ఆ ల్యాబు గడప తొక్కలేదు. ప్రార్థనలో అందరి పేర్లూ ఎత్తి, ఆయన పేరు దాటేసేదాన్ని. దాటేస్తున్నానని తెలుస్తూనే ఉండేది.

సీటు వచ్చింది. మైసూరుపాకు పొట్లం పట్టుకుని పరుగెత్తాను. ల్యాబు తలుపు దగ్గర మాత్రం కాళ్ళు ఆగిపోయాయి. ఆయన లోపలి నుంచే చూశాడు.

"సీటొస్తేనే మామ గుర్తొస్తాడా?"

తల వంచుకున్నాను. ఆయన చాలాసేపు నన్ను అలాగే నిలబెట్టాడు. తర్వాత గ్రీజు చెయ్యి చాచి, "సరే లే, ఆ పొట్లం ఇట్ల దే. గట్టిదా, మెత్తదా?" అన్నాడు.

బుధవారం నేను మార్కాపురం చేరేసరికి ఆయన్ను తీసుకువెళ్ళిపోయారు. లోపల ఆడవాళ్ళ మధ్య అత్త పక్కన కూర్చున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "నీ గురించి రంజానుకొకసారి, మీ క్రిస్మసుకొకసారి అడుగుతాండె" అంది. నేను ఆయన కోసం నాకు తెలిసిన విధంగా, నాకు తెలిసిన నామంలో మనసులో ప్రార్థించాను. స్విచ్చి దగ్గర ఎవరిది వాళ్ళం చేసుకున్నట్టే.

బయటికి వస్తే, శ్మశానం నుంచి తిరిగొచ్చిన శెట్టన్న అరుగు మీద ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. నన్ను గుర్తుపట్టి కూర్చోమన్నాడు.

"ఇన్నేండ్లు నీకు చెప్పలే చెల్లెమ్మా. ఆపొద్దు ఆ బ్రష్షుల సంగతి నేను ఇంగ్లీషులో కొట్టలే. వదిలేసినా. పిల్ల బతుకు గదా, మామకు ఇంగ్లీషు రాదు గదా అని. అంతా అయినాక, 'ఇప్పుడు తెలుగులో చదువు' అన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు నాకు గుర్తుంది. కొట్టని ముక్క గూడా కలిపి గడగడా చదివేసినా. ఆయన లేచి కంప్యూటరు దగ్గరికొచ్చి, తెర మీద వేలు పెట్టి, పైనుంచి కింద దాకా జరిపినాడు. 'మూడో మోటారు యాడుంది శెట్టీ?' అన్నాడు. అంకెలు తెలుసు గదా మహానుభావుడికి. మూడు అనే అంకె యాడా లేదు."

శెట్టన్న నవ్వబోయి ఆగాడు.

"గొడవపడినాం. పిల్ల సీటు పోతది మామా అని శానా చెప్పినా. పోతే పోనీ అంటాడనుకున్నా. అనలే. కుర్చీలో కూలబడి తువ్వాలుతో మొగం తుడుచుకున్నాడు. 'నాకూ భయంగానే ఉంది రా. ఆ ఒక్క ముక్క తీసేస్తే మిగతాదంతా నేనే నమ్మను. వాళ్ళెట్ల నమ్ముతారు?' అన్నాడు. ఇంగేం చేస్తా? కొట్టినా."

నేను ఇన్నేళ్ళూ ఆయనకు భయం లేదనుకున్నాను. ధైర్యంగా చెప్పేశాడనుకున్నాను. తెల్ల బట్టలు వేసుకుని వచ్చి, నా సీటు కోసం భయపడుతూనే చెప్పాడని తెలియదు. ఆ మూడు వారాలు ఆయన ఎలా గడిపి ఉంటాడో ఎన్నడూ ఆలోచించలేదు.

శుక్రవారం కాలేజీకి వచ్చాక ఆ అబ్బాయిని పిలిపించాను. వాడి ఉత్తరం వాడికే ఇచ్చేశాను.

"సంతకం పెట్టరా మేడం?"

"నేనే రాస్తాను. నీ గురించి నాకు తెలియంది ఒకటి చెప్పు, చెప్పుకోవడానికి సిగ్గుపడేది."

వాడు చొక్కా అంచు నలిపాడు. "మేడం, పోయిన సెమిస్టరులో ఇన్వర్టరు బోర్డు కాల్చింది రెండో బ్యాచి కాదు. నేనే. తర్వాత ఆదివారాలు వచ్చి బాగు చేసి పెట్టింది కూడా నేనే."

అది ఎవరు బాగు చేశారా అని నేను రెండు నెలలు అనుకున్నాను.

నేను తెల్ల కాగితం ముందుకు లాక్కున్నాను. వాడు కళ్ళు పెద్దవి చేసి చూశాడు.

"ఇది కూడా రాస్తారా మేడం? సీటు పోతుందేమో."

నాకూ భయంగానే ఉంది.

"నువ్వు బయటికి వెళ్ళి నిలబడు నాయనా" అన్నాను.

వాడు వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. నేను పెన్ను మూత తీశాను.